డ్రమ్ము దెబ్బ కింద ఒక అక్షరం

నాలుగైంది. ఐదింటికి మొగిలి వస్తాడు. ఈలోగా నేను తేల్చుకోవలసింది ఒకే ఒక అక్షరం, అది 'ఇ'నా, 'ఆ'నా అని. 'ఇ' అయితే నేను రాసింది నిజం. తలుపు తీసి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పాత సంగతులు నాలుగు మాట్లాడి పంపించవచ్చు. 'ఆ' అయితే ముప్పై నాలుగేళ్లుగా ఒక మనిషి మీద అబద్ధం మోపుతూ వచ్చానన్నమాట, అది చాలక మొన్న దాన్ని అచ్చు కూడా వేయించానన్నమాట. సీడీ ప్లేయరు మీద అంకెలు రెండు నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర నిలిచి ఉన్నాయి. మీట నొక్కితే చాలు, గిటారు ఆగుతుంది, నాలుగు లెక్కల నిశ్శబ్దం మొదలవుతుంది, మూడో లెక్క మీద మొగిలి అరుస్తాడు, ఆ అరుపులో మొదటి అక్షరం మీదే డ్రమ్ము దెబ్బ పడుతుంది. మనకు మిగిలేది 'గ'. ఇగ అన్నాడా, ఆగు అన్నాడా. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క తప్పింది, వాటిలో ఎన్నిసార్లు 'ఇగ' అనో, ఎన్నిసార్లు 'ఆగు' అనో అదీ తప్పింది. ఒకసారి కళ్లు మూసుకుని వింటే ఒకటి, తెరిచి వింటే ఇంకొకటి. కళ్లకూ దీనికీ ఏమిటి సంబంధం, నాకు మతి పోతున్నట్టుంది.

పొద్దున ఆ అమ్మాయి ఫోను చేయకపోతే ఈ గొడవే లేదు. భూలక్ష్మి అట, మొగిలి కూతురు. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసులో పనిచేస్తుందట. పాత పాటల పిచ్చి ఉన్నవాడెవడో వాళ్ల ఆఫీసుకు ఈ సీడీ తెచ్చాడట, లోపలి చిన్న పుస్తకంలో 'మొగిలి, ఖాజాగూడ, డ్రమ్స్' అని కనిపిస్తే, అరే మా బాపు పేరు కదా అని ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించిందట. "అంకుల్, మీరు ఇంగ్లీషుల రాసింది మా బాపుకు తెలుగుల చెప్పిన. విన్నప్పటి సంది ఏమంటలేడు. అన్నం గూడ సరిగ తింటలేడు. ఒక్కటే అన్నడు, నన్ను వాని తానికి తోల్కపో అని. ఐదింటికి తెస్త, ఉంటరా?" అంది. ఉంటానమ్మా అన్నాను. ఉండనని ఎలా అంటాను. అన్నం తినడం లేదన్న మాట మాత్రం ఆ పిల్ల అనకుండా ఉండాల్సింది. మధ్యాహ్నం కంచంలో చెయ్యి పెట్టగానే అదే గుర్తొచ్చింది, పెరుగన్నం అలాగే వదిలేసి లేచాను.

అంతా కలిపి ఆ చిన్న పుస్తకంలో నేను రాసింది నాలుగు వాక్యాలు. 1972లో మేము 'ది బౌల్డర్స్' అనే పేరుతో వాయించేవాళ్లం, పార్థసారథి బేస్ గిటారు, మొగిలి డ్రమ్ములు, రామబ్రహ్మం అనే నేను గిటారూ పాటా. ఇది మొదటి వాక్యం. రెండోది ఇదీ: పాట మధ్య విరుపులో మా డ్రమ్ములవాడు తన పల్లె మాటలో 'ఇగ' అని అరిచి ఒక లెక్క ముందే దూకాడు, ఆ దూకుడుతో మా పాటా, మా గుంపూ రెండూ ముగిశాయి. రాసినప్పుడు ఎంత ముచ్చటగా అనిపించిందో. జర్మనీ నుంచి ఆ సీడీ వేసిన కంపెనీ మనిషి ఉత్తరంలో మెచ్చుకున్నాడు కూడా. నేను పొంగిపోయాను. మొగిలి కూతురికి ఇంగ్లీషు వస్తుందని, ఆ కూతురు అద్దాల మేడలో కూర్చుని పనిచేస్తుందని నాకేం తెలుసు. అంటే ఏమిటి, తెలిస్తే రాసేవాణ్ని కాదా? రాసేవాణ్నే. నిజమని నమ్మే రాశాను. నిన్నటిదాకా నమ్మాను.

అసలు అనవలసింది ఈ రీమాస్టరింగు వాళ్లను. పాత టేపును కడిగి, ఉతికి, గంజిపెట్టి ఇస్త్రీ చేసి మళ్లీ మన మొహాన కొట్టడానికి వాళ్లు పెట్టుకున్న పేరది. దేశంలో పన్నెండు ఊళ్ల నుంచి పన్నెండు గుంపులు, తలా ఒక పాట, ఆ రోజుల్లో మద్రాసు కంపెనీ ఒకటి ఎల్పీ రికార్డుగా వేసింది. చివరి పాట మాది. దాని టేపులు ఏదో గోడౌనులో దొరికాయట, జర్మనీవాళ్లు పట్టుకుపోయి సీడీ చేశారు. నెమ్మదిగా ఉండవలసిందీ గట్టిగానే, గట్టిగా ఉండవలసిందీ గట్టిగానే. నా ఎల్పీలో మొగిలి పెద్ద డ్రమ్ము పక్కింట్లో పప్పు రుబ్బుతున్నట్టు వినిపించేది, ఇప్పుడు నా నుదుటి మీదే మోగుతోంది. నా గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు, గదిలో ఫ్యాను కిర్రుమనడం, పార్థసారథి గొంతు సవరించుకోవడం, అన్నీ. పార్థసారథి పోయి ఆరేళ్లు. బతికి ఉంటే ఫోను చేసి అడిగేవాణ్ని, ఒరే, ఆరోజు మొగిలి ఏమన్నాడ్రా అని. అతను నా పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు అతని దగ్గు మాత్రం జర్మనీ వెళ్లి శుభ్రపడి వచ్చింది. ఇన్ని వినిపిస్తున్నాయి కానీ నాకు కావలసిన ఆ ఒక్కటీ, మురికి అనుకుని తుడిచేశారు మహానుభావులు. పన్నెండో పాటలో అరుపు సగమే ఉంది. పదమూడోదిగా, తుడవని టేపును ఉన్నదున్నట్టు అదనంగా పెట్టారు, అందులో పూర్తిగా ఉంది. ఉండీ ఏం లాభం, దానిమీద డ్రమ్ము దెబ్బ కూడా పూర్తిగా ఉంది.

ఎల్పీ కూడా బయటికి తీశాను. ముల్లు పెట్టాను. అందులో స్పష్టంగా 'ఆగ్' అని వినిపించింది, ఒళ్లు చల్లబడింది. ఇన్నేళ్లూ అదే ఎల్పీలో నేను 'ఇగ' అని విన్నాను. విన్నానా? ఆఖరిసారి ఎప్పుడు పెట్టాను దీన్ని, పెళ్లయిన కొత్తలో పుణ్యవతికి వినిపించాలని ఒకసారి, ఆ తర్వాత దాన్ని బీరువా మీది నుంచి దించలేదు. గుర్తున్నదాన్నే వింటూ వచ్చాను, రికార్డును కాదు. మళ్లీ ముల్లు పెడితే ఈసారి 'ఇగ'. 'ఇ' సన్నటి అక్షరం, 'ఆ' లావుపాటిది. కుడి చెవిలో సన్న శబ్దాలు తగ్గాయని డాక్టరు చెప్పి రెండేళ్లయింది, ఆ లెక్కన నా చెవికి 'ఇ' అందక 'ఆ' అనిపిస్తూ ఉండవచ్చు. అప్పుడు అది 'ఇ'నే. నేను రాసింది నిజమే. హెడ్‌ఫోను తిప్పి పెట్టుకున్నాను, ఎడమది కుడికి, కుడిది ఎడమకు. ఏమీ తేడా లేదు. ఉండదు కదా, అది మోనో రికార్డింగు, రెండు వైపులా ఒకటే వస్తుంది. ముప్పై ఏళ్లు రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ని, అది కూడా మరిచిపోయాను.

ఆగు అయితే ఏమవుతుందో ఒకసారి సరిగ్గా ఆలోచించాలి. ఆగు అయితే, మొగిలికి ఏదో తేడా తెలిసింది, కర్రతో ఒక దెబ్బ కొట్టి మమ్మల్ని ఆపబోయాడు. మేమే వినకుండా నాలుగో లెక్క తర్వాత దూసుకుపోయాం, అతను తప్పక మా వెంటపడ్డాడు, అందుకే చివరిదాకా డ్రమ్ము ఒక దారి, గిటార్లు ఒక దారి. అప్పుడు తప్పు నాది. ఇగ అయితే తొందరపడి తనే ముందు దూకాడు. తప్పు అతనిది. ఆరోజు అరుపులు వద్దని ముందే అనుకున్నాం, మైకు పట్టేస్తుందని. ఎవరికి వాళ్లు నాలుగు లెక్కపెట్టుకుని పాట అందుకోవాలి. అలవాటు కొద్దీ తనకు తనే సైగ ఇచ్చుకుని అరిచేశాడు, అంతే అయి ఉంటుంది. అంతే అయి ఉండాలి.

అలవాటు అంటే మోటారు షెడ్డు అలవాటు. ఖాజాగూడ చెరువు వెనక బండల మధ్య మొగిలి మేనమామ వీరేశం పొలం, అందులో నీళ్ల మోటారు షెడ్డు. సనత్‌నగర్ క్వార్టర్సులో గిటారు మోగిస్తే మా నాన్న కంటే ముందు పక్కింటివాళ్లు వచ్చేవారు. కరెంటు ఉండీ మనుషులు లేని చోటు మాకు అదొక్కటే. నేనూ పార్థసారథీ గిటార్లు వీపున కట్టుకుని సైకిళ్ల మీద కూకట్‌పల్లి నుంచి పడి వెళ్లేవాళ్లం, రాళ్లు, తుప్పలు, అక్కడక్కడా మేకలు, ఇంకేమీ లేని దారి. మొన్న అటు వెళితే ఏ మేడ కింద ఆ షెడ్డు ఉండేదో పోల్చుకోలేకపోయాను. డ్రమ్ములు మొగిలి పనిచేసే పెళ్లి బ్యాండువి, అందుకని ముహూర్తాలున్న రోజుల్లో మాకు ప్రాక్టీసు లేదు. ఊరంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తే మేము ఎప్పుడొస్తుందా అని పంచాంగం చూసేవాళ్లం. 'ఇగ రెండు నెల్లు లగ్గాలు లెవ్వు, కొట్టుకుందాం పా,' అనేవాడు మొగిలి, సైడు డ్రమ్ము నెత్తిన పెట్టుకుని బండలెక్కుతూ. మేము నవ్వుతూ వెనకాల. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడైనా ఉన్నానా అని ఇప్పుడు అనుకుంటే, లేను.

మొగిలి చేతిలో ఏముందో నాకు చెప్పడం రాదు. పెళ్లి బ్యాండులో నేర్చిన చెయ్యి. అక్కడ లెక్కలుండవు. పెళ్లికొడుకు గుర్రం ఎక్కడాగితే అక్కడ ఆగాలి, బ్యాండు పెద్ద చెయ్యెత్తితే ఎత్తుకోవాలి. మేము ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెడుతుంటే అతను తల గోక్కునేవాడు. 'గా లెక్కలు మీరు పెట్టుండ్రి. నాకు ఒక్క మాట చెప్పుండ్రి, ఎత్తుకుంట.' ఆ ఒక్క మాట ఇగ. మోటారు నడుస్తుంటే చెయ్యెత్తినా ఎవరూ చూడరు, మెల్లిగా అన్నా వినపడదు. ఆపైన మోటారు మొదలవగానే వోల్టేజి పడిపోయి, మూసాపేట రేడియో రిపేరు ఆయన చేసిచ్చిన మా ఆంప్లిఫయరు గొంతు పీలగా అయిపోయేది. అందుకని గొంతు చించుకుని ఇగ అని అరవడం, డ్రమ్ము పడడం, షెడ్డు రేకులు అదరడం. మంచి మాట అది. నోట్లోంచి రావడానికి అర క్షణం పట్టదు. అది మొగిలి మాట. మా ముగ్గురిలో అలా మాట్లాడేది అతనొక్కడే కదా.

"ఏవిటండీ, పొద్దుటి నుంచీ ఒకటే ముక్క," అంటూ పుణ్యవతి గుమ్మంలో నిలబడింది, చేతికి శనగపిండి. మొగిలి వస్తాడంటే పకోడీలు వేస్తోంది. సంగతి చెప్పాను, సగమే చెప్పాను. హెడ్‌ఫోను తెచ్చి ఆమె చెవులకు పెట్టాను. మొదటిసారి వినగానే ఉలిక్కిపడింది. రెండోసారి తల పక్కకు వంచి వింది. "ఎవరో ఎగ్ అంటున్నారండి. గుడ్డు కావాలేమో," అంది. నాకు ఒళ్లు మండింది. సరిగ్గా విను, ఇక్కడ ఒక మనిషి పరువు సంగతి అన్నాను. అప్పుడు నా మొహం చూసి, నవ్వు ఆపుకుని మూడోసారి వింది. "అక్షరం నాకు తెలియడం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ అరిచినాయన పక్కా ఇక్కడి మనిషి, మనవైపు గొంతు కాదు అది," అని హెడ్‌ఫోను నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అది నాకు తెలియదా. దానికి జర్మనీ దాకా వెళ్లాలా. హెడ్‌ఫోను మీద పిండి అంటింది, తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాను, నాలుగుంబావు దాటింది.

రికార్డింగు ఆగస్టులో. సికింద్రాబాదులో ఒక స్కూలు హాలు, మద్రాసు నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు, పెట్టెలాంటి టేపు మెషీను. ఒక్కో గుంపుకు గంట టైము అన్నారు. మా వంతు వచ్చేసరికి కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయేలా మిణుకుతోంది. ఒక్కసారి వాయించండి, బాగుంటే బాగున్నట్టు అన్నాడు మెషీను మనిషి. హాలులో ఒకే మైకు, నాకూ మొగిలికీ మధ్యలో. నాకు గుర్తున్నవి కొన్నే. పార్థసారథి చొక్కా వీపంతా తడిసిపోవడం. విరుపు దగ్గర గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించడం, మోటారు చప్పుడు లేని నిశ్శబ్దం మాకు కొత్త, ఆ నాలుగు లెక్కలూ ఎంతకీ గడవకపోవడం. తర్వాత డ్రమ్ము. తర్వాత ఏమైందో ఏమో, చేతులు వాయిస్తూ పోయాయి. పాట అయిపోగానే కరెంటు పోయింది. టేపు మళ్లీ వేసి వినే అవకాశం లేదు. బయటికొచ్చి ఇరానీ హోటల్లో ముగ్గురం ఛాయ్ తాగాం. మొగిలి నావైపు చూసి ఏదో అనబోయి నవ్వి ఊరుకున్నాడు. తప్పు చేసిన నవ్వు అనుకున్నాను. అప్పుడు అనుకున్నానా, రికార్డు వచ్చాక అనుకున్నానా? ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఇంకో రకంగా కూడా కనిపిస్తోంది. ఎలా కనిపిస్తోందో చెప్పలేను.

రికార్డు వచ్చేసరికి నేను కాకినాడలో ఉన్నాను. మేనత్త కూతురి పెళ్లికని నవంబరులో వెళ్లి, జై ఆంధ్ర గొడవల్లో రైళ్లు ఆగిపోయి అక్కడే ఇరుక్కున్నాను. హైదరాబాదులో మూడేళ్లు గడిపాక మళ్లీ సొంతవాళ్ల మధ్య. మొదటి వారం నేను పెద్దగా నోరు తెరవలేదు, తెరిస్తే నా మాటతీరుకు మా అత్త కొడుకు బుల్లిబాబు నవ్వేవాడు. పగలంతా గోడల మీద నినాదాలు రాసి, చేతులకు జేగురు రంగు మరకలతో ఇంటికొచ్చేవాడు. జనవరిలో నాన్న రికార్డును పార్సిలు చేయిస్తే అది ఎలాగో చేరింది. బుల్లిబాబు ఇంట్లో గ్రామఫోను ఉంది. పదిమంది చుట్టూ కూర్చున్నారు, మనవాడు పాడిన ఇంగ్లీషు పాట అని. అందరి ముందూ గర్వంగా ముల్లు పెట్టాను. విరుపు వచ్చింది, అరుపు వచ్చింది, డ్రమ్మూ గిటార్లూ ఒకదాని కాళ్లలో ఒకటి పడ్డాయి. బుల్లిబాబు పగలబడి నవ్వాడు. "ఎవడ్రా బాబూ, ఆ ఇగ అని అరిచినోడు?" అన్నాడు. "మా డ్రమ్ములవాడు," అన్నాను. "మరే, అనుకున్నా," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంటే అప్పుడది ఇగ అనే వినిపించింది. బుల్లిబాబుకు వినిపించింది, నాకూ వినిపించింది. లేక అతను ఇగ అన్నాడు కాబట్టి నాకు ఇగ అని తోచిందా. అడగ్గానే ఎంత వేగంగా చెప్పాను జవాబు. ఆలోచించనైనా లేదు.

బొంబాయి పత్రికలో ఆ రికార్డు గురించి రాస్తూ మా పాటకు ఒక్క వాక్యం ఇచ్చారు. హైదరాబాదు డ్రమ్ములవాడికి నాలుగు వరకూ లెక్క రాదు, అని. ఆ వాక్యం దెబ్బ తగిలింది మొగిలికి. సికింద్రాబాదులో అతని చెయ్యి చూసిన బొంబాయి హోటలు బృందం ఒకటి, రికార్డు వచ్చాక పిలుస్తామని మాటిచ్చింది. పిలవలేదు. నేనేం చేశాను? కాకినాడ నుంచి కార్డు రాశాను. ఉత్తరం కాదు, కార్డు. పత్రిక ఏమందో చెప్పి, నీ అరుపే మన పాటను చంపింది, ఇక నిన్ను బొంబాయికి ఎవరు పిలుస్తారు అని. మొగిలికి చదువు రాదని తెలిసే రాశాను. ఖాజాగూడలో ఎవరు చదివి పెట్టారో, ఎంతమంది ముందు చదివారో. జవాబు రాలేదు. రైళ్లు నడిచాక తిరిగొచ్చాను, ఫ్యాక్టరీలో చేరాను, ఆ బండల వైపు సైకిలు తిప్పలేదు. అతనూ రాలేదు. రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఇన్నేళ్లలో నా మాట కూడా మళ్లీ మావైపు మాటగా తిరిగింది, ఫ్యాక్టరీలో మావాళ్లే ఎక్కువ. మొగిలికి ఇప్పుడు సొంత పెళ్లి బ్యాండు ఉందని భూలక్ష్మి చెప్పింది. యాభై ఐదేళ్ల మనిషి ఇప్పటికీ గుర్రాల ముందు నడుస్తున్నాడు.

ఐదుకు పది నిమిషాలు. ఆఖరిసారి. పదమూడో పాట, రెండు నిమిషాల పద్నాలుగు. హైవే మీద లారీల చప్పుడు రాకుండా కిటికీలు మూశాను, వంటింట్లో నూనె చిటపట వినపడకుండా తలుపు వేశాను. శబ్దం పెంచాను, తగ్గించాను. ఇగ. ఆగు. ఇగ. ఇగ. ఈసారి డ్రమ్మును వదిలేసి దాని చుట్టూ విన్నాను. దెబ్బ మొదలయ్యే ముందు గోరంత సందు ఉంది, అందులో అక్షరం అంచు. పళ్లు కనబడేలా అన్న అక్షరం అది, నోరు తెరిచి అన్నది కాదు. ఇ. ఇగ. మళ్లీ పెట్టాను. ఇగ. ఇంకో అనుమానం లేదు. నేను రాసింది నిజం, కార్డూ నిజమే, పుస్తకమూ నిజమే. గుండెల మీది బరువు దిగిపోయి హాయిగా ఉండాలి కదా. లేదు. ఆ గొంతులో సంతోషం ఉంది, అది నన్ను ఇబ్బంది పెడుతోంది. తప్పు చేస్తున్నవాడి అరుపు కాదు, షెడ్డులో రేకులు అదిరినప్పటి అరుపు. బెల్లు మోగింది.

తలుపు తీస్తే మొగిలి ఒక్కడే. భూలక్ష్మి కింద బండి పెడుతోందట. జుట్టు మొత్తం తెల్లబడింది, భుజాలు మాత్రం అవే. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత విప్పకుండా వేసుకున్నట్టు. "మంచిగున్నవా బ్రహ్మం," అన్నాడు. రా మొగిలీ, కూర్చో అన్నాను, నా గొంతు నాకే పరాయిగా ఉంది. కూర్చోలేదు. "ముందుగాల గా పాట పెట్టు. నేను ఇంతవరకు ఇనలె," అన్నాడు. ఒక్కసారి కూడానా అన్నాను. "నాకు రికార్డు ఎవలిచ్చిండ్రు," అన్నాడు. నిజమే, కంపెనీ పంపిన మూడూ మా ఇంటికే వచ్చాయి. నేను హెడ్‌ఫోను తీగ పీకేసి పెద్ద స్పీకర్లలో పెట్టాను, మొదటి నుంచి.

మొగిలి నిలబడే విన్నాడు. తన డ్రమ్ము మొదలవగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గిది నేనేనా? గింత సాఫ్‌గ కొట్టిన్నా నేను?" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. తొడ మీద వేళ్లు ఆడుతున్నాయి, ముప్పై నాలుగేళ్ల తర్వాత ఒక్క దెబ్బ తప్పకుండా. విరుపు వచ్చింది. అరుపు వచ్చింది. మొగిలి తల ఊపాడు, తనకు తెలిసిన చోటు వచ్చినట్టు. నేను పాట ఆపాను. మొగిలీ, ఒక్కటి చెప్పు, నువ్వు ఇగ అన్నావు కదా, మూడో లెక్క మీద, అన్నాను.

"నేనా?" అన్నాడు మొగిలి. "నేను ఎప్పుడన్న అన్ననా ఇగ అని? చెప్పేది నువ్వు, ఎత్తుకునేది నేను. గది నువ్వే గద."

మళ్లీ పెట్టాను. ఇగ. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, ఖాజాగూడ బండల మధ్య పుట్టినవాడిలా, నోరారా. నా గొంతు. నా గొంతే. అక్షరం కోసం వెతికాను పొద్దుటి నుంచీ, మనిషి కోసం వెతకలేదు. బుల్లిబాబు నవ్వుతాడని ఆ గొంతును ఒక్క క్షణంలో మొగిలికి ఇచ్చేశాను, ఇచ్చినట్టు నాకే తెలియకుండా ఇచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నాకు తెలియదు మొగిలీ, ఒట్టు, ఈ నిమిషం దాకా తెలియదు అన్నాను.

మొగిలి నా మొహంలోకి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఒక్కసారిగా ముసలివాడిలా.

"తెల్వదా," అన్నాడు. "నేను ఇన్నేండ్లు నువ్వు తెలిసే నా మీద ఏసినవనుకున్న. బొంబాయి పత్రిక తిట్టింది గద, ఇజ్జత్ కాపాడుకుంటానికి దోస్తు మీద ఏసిండు, పోనీ తియ్యి అనుకున్న. గట్లనన్న మాఫ్ చేసిన నిన్ను."

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డంపెట్టాడు.

"మూడేండ్లు నా పక్కపొంటి నిలవడి వాయించినవ్ బ్రహ్మం. నా గొంతు ఎట్లుంటదో నీకు తెల్వదా?"